అమ్మ పేరు అడగని చట్టం

1933 అక్టోబరులో ఫ్రాన్సు సముద్రతీరాన నీస్ పట్టణంలో ఒక మగబిడ్డ పుట్టాడు. తల్లి దుర్రెషెవార్, ఆఖరి ఉస్మానీ ఖలీఫా కూతురు. దేశం పోగొట్టుకుని పరాయిగడ్డ మీద తలదాచుకున్న కుటుంబం ఆమెది. తండ్రి ఆజం జా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు. బిడ్డకు ముకర్రం జా అని పేరు పెట్టారు. పుట్టింది ఫ్రాన్సులో. తల్లిది ఇస్తాంబుల్. అయినా ఈ పిల్లవాడు హైదరాబాదీ అవునా కాదా అన్న ప్రశ్న పుట్టలేదు. తండ్రి ఎవరో తెలుసు, అది చాలు. 1967లో తాత కన్నుమూశాక ఆయన వారసుడిగా ఈయన్నే భారత ప్రభుత్వం గుర్తించింది.

అదే హైదరాబాదులో బార్కాస్ అనే బస్తీ ఉంది. బ్యారక్స్ అన్న మాట జనం నోట్లో నలిగి బార్కాస్ అయింది. యెమెన్ దక్షిణ తీరంలోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బులు అక్కడ స్థిరపడ్డారు. జనం వాళ్లను చావూష్‌లన్నారు. వాళ్లు ఇక్కడి ఆడపిల్లలను చేసుకున్నారు. ఇక్కడే పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలు దక్కనీ ఉర్దూ మాట్లాడారు, తెలుగు విన్నారు, ఈ నీళ్లు తాగారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తరవాత కొత్త ప్రభుత్వం అరబ్బులను, పఠాన్లను పరదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధించింది. కొందరిని ఓడలెక్కించి వెనక్కి పంపింది. చాలామంది చివరికి ఇక్కడే ఉండిపోయారు గానీ, ఆ రోజుల్లో వాళ్లలో ఎవరు ఇక్కడివాళ్లు, ఎవరు అక్కడివాళ్లు అన్న విచారణ మొదలైంది. ఇక్కడ పుట్టి పెరిగినవాడు కూడా తండ్రి మూలం చెప్పి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. వాడి తల్లి ఈ మట్టిమనిషి అన్న సంగతి వాడి చీటీలో ఎక్కలేదు.

ఫ్రాన్సులో పుట్టినా ఒకడు హైదరాబాదీ అయ్యాడు. హైదరాబాదులో పుట్టినా ఒకడు అరబ్బుగా మిగిలాడు. రెండుచోట్లా పుట్టిన ఊరు పనికిరాలేదు. రెండుచోట్లా తల్లి పనికిరాలేదు. తండ్రి గద్దె మీద ఉన్నాడా, గేటు దగ్గర కాపలా ఉన్నాడా అన్నదే తేల్చింది. పౌరసత్వం గురించి మాట్లాడేటప్పుడు మేము ఈ రెండు పుట్టుకలనూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం.

పరాయిదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల ద్వారా పౌరసత్వం వస్తుందని చట్టాలు చెబుతాయి. వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. కానీ చట్టం తల్లిదండ్రులు అన్నప్పుడల్లా ఎవరిని ఉద్దేశించింది? ఏ తల్లిని లెక్కపెట్టింది, ఎవరి తండ్రిని అనుమానించింది? ఆ చరిత్రలో మా చరిత్ర కూడా ఉంది.

మొదట మా ముల్కీ సంగతే చూద్దాం. ముల్కీ అంటే ఈ ముల్కువాడు, ఈ నేలవాడు. 1952లో, 1969లో, 1972లో తెలంగాణ వీధుల్లో నినాదమై మోగిన మాట ఇది. ఆ ఉద్యమాలను గుర్తుపెట్టుకున్నవాళ్లలో చాలామంది అసలు నిబంధన చదవలేదు. 1919 నాటి నిజాం ఫర్మానాకు తగ్గట్టు తయారైన నియమాల ప్రకారం ముల్కీ కావడానికి ఉన్న దారులివి: పుట్టుకతో హైదరాబాదు ప్రజ కావాలి, అంటే పుట్టేనాటికి తండ్రి ముల్కీ అయి ఉండాలి. లేదా 15 ఏళ్లు ఇక్కడే నివాసముండి, పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన మానుకోవాలి. లేదా తండ్రి 15 ఏళ్ల సర్కారు నౌకరీ పూర్తిచేసి ఉండగా పుట్టాలి. లేదా ముల్కీకి భార్య కావాలి. ఈ నాలుగు దారుల్లో తండ్రి ఉన్నాడు, మొగుడు ఉన్నాడు, నౌకరీ ఉంది. తల్లి మాత్రం ఎక్కడా లేదు. గైర్‌ముల్కీని పెళ్లాడిన ముల్కీ ఆడమనిషి తన బిడ్డకు తన నేలను ఇచ్చుకోలేకపోయింది.

ఇది నవాబుల పాతకాలపు బుద్ధి అని తేల్చిపారెయ్యడానికి వీల్లేదు. ఆధునికతకు ఆనవాలుగా చెప్పుకునే ఫ్రాన్సు 1804లో చేసుకున్న నెపోలియన్ సివిల్ కోడు కూడా, పరదేశంలో ఫ్రెంచివాడికి పుట్టిన బిడ్డ ఫ్రెంచివాడని రాసుకుంది. 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం, సామ్రాజ్యం బయట పుట్టిన బిడ్డకు తండ్రి బ్రిటిష్ ప్రజ అయితేనే హక్కు ఉందన్నది. అంతేకాదు, పరదేశిని పెళ్లాడిన ఇంగ్లీషు ఆడదాన్ని కూడా పరదేశిగానే లెక్కవేసింది. ఇంగ్లండు తల్లికి ఈ హక్కును తండ్రితో సమానంగా ఇచ్చింది 1983 జనవరి 1 నుంచి మాత్రమే. ఖాజీ అయినా, కలెక్టరు అయినా, లండన్ పార్లమెంటు అయినా అడిగిన ప్రశ్న ఒక్కటే: నీ బాప్ ఎవరు?

ఈ నేపథ్యంలో చూస్తే 1949లో రాజ్యాంగ సభ రాసుకున్న మాటలు ఎంత ముందుచూపువో అర్థమవుతుంది. రాజ్యాంగం 5వ అధికరణం, దేశంలో స్థిరనివాసం ఉండి, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు ఈ గడ్డ మీద పుట్టినా పౌరుడేనంది. 8వ అధికరణం ఇంకా ముందుకు పోయింది. దేశం బయట నివసిస్తున్నవాళ్లు తామైనా, తల్లిదండ్రుల్లో ఎవరైనా, తాతా అవ్వల్లో ఎవరైనా అవిభక్త భారతంలో పుట్టి ఉంటే, భారత రాయబార కార్యాలయంలో నమోదు చేసుకుని పౌరులు కావచ్చునంది. బర్మాలో, మలయాలో, దక్షిణాఫ్రికాలో, సిలోన్‌లో ఉన్న కూలీలనూ వర్తకులనూ దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. అందులో అమ్మ ఉంది. అమ్మమ్మ ఉంది. నానమ్మ ఉంది.

అదే సభలో ఇంకో గొంతు కూడా లేచింది. 1949 ఆగస్టులో పౌరసత్వం మీద చర్చ జరుగుతున్నప్పుడు పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ ఒక సవరణ ప్రతిపాదించారు. వేరే దేశ పౌరుడు కాని ప్రతి హిందువుకూ, ప్రతి సిక్కుకూ ఎక్కడ ఉన్నా ఈ దేశ పౌరసత్వానికి అర్హత ఉండాలన్నది దాని సారం. సభ దాన్ని ఒప్పుకోలేదు. మతం పేరు లేకుండానే అధికరణాలు పాసయ్యాయి. పౌరసత్వం గురించిన ఈ అధికరణాలు మిగతా రాజ్యాంగం కంటే రెండు నెలల ముందే, 1949 నవంబరు 26 నాడే అమల్లోకి వచ్చాయి. ఆ రోజు ఓడిపోయిన సవరణను గుర్తుంచుకోండి. అది 70 ఏళ్ల తరవాత వేరే రూపంలో తిరిగొచ్చింది.

రాజ్యాంగం ఆ నాటికి ఎవరు పౌరులో చెప్పి, మున్ముందు ఎవరు కాగలరో తేల్చే పని పార్లమెంటుకు వదిలేసింది. పార్లమెంటు 1955లో పౌరసత్వ చట్టం చేసింది. అందులో 4వ సెక్షన్ పరదేశంలో పుట్టిన బిడ్డల గురించి. 1950 జనవరి 26న గానీ ఆ తరవాత గానీ భారతదేశం బయట పుట్టిన బిడ్డ, పుట్టేనాటికి తండ్రి భారత పౌరుడైతే పౌరుడవుతాడు. తండ్రి! రాజ్యాంగం అయిదారేళ్ల కిందటే తల్లిదండ్రుల్లో ఎవరైనా అన్న చోట, చట్టం తండ్రి అని దిద్దింది. లండన్ చట్టాన్ని ముందు పెట్టుకుని రాసినట్టుంది గానీ, మన రాజ్యాంగాన్ని ముందు పెట్టుకుని రాసినట్టు లేదు.

ఈ ఒక్కమాట మా ఇళ్లల్లో ఏం చేసిందో చెప్పాలి.

దేశం రెండుగా చీలినప్పుడు మా కుటుంబాలూ చీలాయి. అన్న కరాచీలో, తమ్ముడు హైదరాబాదులో. మేనమామ కొడుక్కి పిల్లనిచ్చే ఇళ్లు మావి. సరిహద్దు వచ్చినంత మాత్రాన సంబంధాలు ఆగలేదు. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా అక్కరకొచ్చాయి. అయినా పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం హిందువులైనా ముస్లింలైనా తెలుగునేలంతా ఉన్న ఆచారం. ఏడోనెలలో కూతుర్ని తెచ్చుకుంటారు. చిల్లా దాటాక, నలభై రోజులకు, బిడ్డతో పంపిస్తారు.

ఇప్పుడు ఆ పురుడును చట్టం పక్కన పెట్టి చూడండి. కరాచీకి కోడలుగా పోయిన హైదరాబాదు ఆడపిల్ల పుట్టింటికొచ్చి 1960లో కన్నదనుకోండి. బిడ్డ భారత గడ్డ మీద పుట్టింది కాబట్టి ఆనాటి 3వ సెక్షన్ ప్రకారం పుట్టుకతో భారత పౌరురాలు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది ఆ రోజుల్లో అడ్డురాదు. కరాచీ పిల్ల హైదరాబాదుకు కోడలుగా వచ్చి, కాన్పుకు కరాచీ పోయి కన్నదనుకోండి. తండ్రి భారతీయుడు కాబట్టి బిడ్డ వంశం ద్వారా భారత పౌరుడు. మరి హైదరాబాదు ఆడపిల్ల, పెళ్లయినా భారత పౌరసత్వం వదులుకోనిది, అత్తగారి దేశంలోనే కన్నదనుకోండి. ఆ బిడ్డకు ఈ దేశంతో చట్టం దృష్టిలో ఏ సంబంధమూ లేదు. తొమ్మిది నెలలు మోసిన మనిషి భారతీయురాలు. పాలిచ్చిన మనిషి భారతీయురాలు. బిడ్డ మాత్రం పరదేశి.

పురుడు ఎక్కడ పోయాలన్నది మా ఇళ్లల్లో నానీ, దాదీ కూర్చుని తేల్చుకునే సంగతి. ఎవరింట్లో వేడినీళ్లు కాచే మనిషి ఉంది, ఎవరింటి పక్కన మంత్రసాని ఉంది అని చూసి తేల్చుకుంటారు. వాళ్ల ఆ చిన్న నిర్ణయం ఒక మనిషి జీవితాంతం మోసే దేశాన్ని తేలుస్తుందని వాళ్లకెవరు చెప్పారు?

1970ల తరవాత కథ కరాచీ నుంచి జెద్దాకు, దుబాయికి, మస్కట్‌కు మారింది. గల్ఫ్ చమురు డబ్బు పాతబస్తీ గల్లీల్లోకి రెండు దారుల్లో వచ్చింది. మా మగపిల్లలు కూలీలై పోయి సంపాదించి పంపింది ఒక దారి. ముసలి షేకులు వచ్చి మా పేదింటి ఆడపిల్లలను నికా చేసుకుపోయింది రెండోదారి. ఈ రెండోదారి గురించి పత్రికలు చాలా రాశాయి. దేశమంతా జాలిపడింది. కానీ ఆ పెళ్లిళ్లలో పుట్టిన బిడ్డల కాగితాల సంగతి ఎంతమందికి పట్టింది? అనేక గల్ఫ్ దేశాల్లో పౌరసత్వం తండ్రి ద్వారా వస్తుంది. కానీ అక్కడి సర్కారు అనుమతి లేకుండా పరదేశంలో చేసుకున్న నికాను ఆ దేశాలు అంత సులువుగా ఒప్పుకోవు. తండ్రి కాదంటే అక్కడ బిడ్డకు దిక్కులేదు. ఇక్కడ తల్లి అవునన్నా చట్టం వినదు. తలాఖ్ చీటీతో, చంకలో బిడ్డతో బేగంపేట విమానాశ్రయంలో దిగిన తల్లి తన ఊళ్లో తానే పరదేశి బిడ్డకు తల్లి. ఆ బిడ్డను పౌరుడిగా నమోదు చేయమని సర్కారుకు అర్జీ పెట్టుకునే వేరే సెక్షన్ ఉంది. కానీ అర్జీ వేరు, హక్కు వేరు. అర్జీని ఆఫీసరు పక్కన పెట్టవచ్చు. హక్కును పక్కన పెట్టలేడు.

ఇంకో విడ్డూరం చూడండి. 1987 జులై 1 నుంచి 3వ సెక్షన్ మార్చారు. దేశంలో పుట్టినంత మాత్రాన చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. అక్కడ తల్లిని లెక్కలోకి తీసుకున్నారు. పరదేశంలో పుట్టిన బిడ్డకు సంబంధించిన 4వ సెక్షన్‌లో మాత్రం తండ్రి మాట అలాగే ఉంచారు. అంటే అదే తల్లి, అదే కడుపు. హైదరాబాదులో కంటే ఆమె తల్లి. జెద్దాలో కంటే కాదు.

1985లో షాబానో తీర్పు వచ్చింది. ఆ రోజుల్లో దేశంలో ముస్లిం స్త్రీ గురించి మాట్లాడనివాడు లేడు. మా షరియత్ ఆడదాన్ని అణిచేస్తుందన్నారు. మతచట్టం పోవాలి, లౌకిక చట్టం రావాలన్నారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లకు అన్యాయం జరుగుతోందన్న మాటతో మాకు పేచీలేదు. ఆ మాట మా ఆడవాళ్లే ముందు చెప్పారు. మేము అడిగేది ఒకటే. అదే సంవత్సరం దేశపు లౌకిక చట్టం, మౌల్వీ ఎవరూ వేలు పెట్టని పార్లమెంటు చట్టం, భారతీయ తల్లి పరదేశంలో కన్న బిడ్డకు తన దేశాన్ని ఇచ్చుకునే హక్కు లేదని చెబుతోంది. హిందూ తల్లికీ లేదు, క్రైస్తవ తల్లికీ లేదు, ముస్లిం తల్లికీ లేదు. ఈ విషయంలో ఉమ్మడి పౌరస్మృతి అప్పటికే అమల్లో ఉంది. అది ఉమ్మడిగా తల్లుల నోరు నొక్కింది. దాన్ని వెనకబాటుతనం అని ఎందరు అన్నారు?

అదే సమయంలో మా సమాజం లోపలికి కూడా చూడాలి. నసబ్ అంటే తండ్రి వైపు వంశం. సయ్యద్‌లం, షేక్‌లం, పఠాన్‌లం, మా ముత్తాత అరేబియా నుంచి వచ్చాడు, బుఖారా నుంచి వచ్చాడు అని చెప్పుకునే అష్రాఫ్ పెద్దలు మాలో ఉన్నారు. దూది ఏకిన చేతులు, పూలు అల్లిన చేతులు, తోలు ఊన్చిన చేతులు వాళ్ల కంటికి ఆనలేదు. తెలుగులో దువా చేసుకునే దూదేకుల ముసలమ్మను వాళ్లు సగం ముస్లింగా చూశారు. ఈ గొప్పల గొలుసులో ఎక్కడా ఒక ఆడమనిషి పేరు వినబడదు. మాలో అత్యధికుల తల్లులు, తల్లుల తల్లులు ఈ నేల కులాల ఆడవాళ్లే. ఆ సంగతి పైకి చెప్పుకోవడం పరువు తక్కువనుకున్నారు. ముత్తాత బయటినుంచి వచ్చాడని గొప్పగా చెప్పుకున్న మాటే చివరికి, అయితే బయటికే పోండి అనే నినాదానికి ఆసరా అయింది. తల్లి వైపు నుంచి చరిత్ర రాసుకుని ఉంటే మేము ఎక్కడినుంచి వచ్చామన్న ప్రశ్నే నిలబడేది కాదు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఆ వారమంతా దేశంలో ఎన్నో ఊళ్లలో కర్ఫ్యూ. మా బస్తీల్లో తలుపులు బిగించుకుని రేడియోలు విన్నాం. ఎవరి కొడుకు ఇంటికి రాలేదో లెక్క చూసుకున్నాం. సరిగ్గా నాలుగు రోజులకు, డిసెంబరు 10న, 4వ సెక్షన్ మారింది. ఆ తేదీన గానీ ఆ తరవాత గానీ పరదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఎవరు భారత పౌరులైనా పౌరసత్వం వస్తుందని సవరణ అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం 1949లో చెప్పిన మాటకు చట్టం దాదాపు 43 ఏళ్లకు చేరుకుంది. స్త్రీలపై వివక్షను తొలగించే అంతర్జాతీయ ఒప్పందం 9వ అధికరణంలో బిడ్డల జాతీయత విషయంలో తల్లికి సమాన హక్కు ఉందని 1979లోనే రాసింది. ఆ ఒప్పందాన్ని మన దేశం 1993 జులైలో ధ్రువీకరించింది.

మసీదు పడిపోయిన వారంలోనే మా తల్లులకు దేశాన్ని బిడ్డకిచ్చే హక్కు వచ్చింది. ఆ రోజున ఆ వార్త మాలో ఎంతమంది చెవిన పడి ఉంటుంది? ఒకవైపు ఈ దేశం మీది కాదని గోడల మీద రాస్తున్నారు. ఇంకోవైపు అదే దేశం గెజెట్టులో, నీ బిడ్డకు నీ దేశం వస్తుందమ్మా అని రాస్తోంది. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి. ఒకటి మాత్రమే చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ సవరణలో కూడా ఒక గీత ఉంది. అది వెనక్కి వర్తించదు. 1992 డిసెంబరు 9న మస్కట్‌లో భారతీయ తల్లికి, పరదేశి తండ్రికి పుట్టిన బిడ్డ పరదేశి. మర్నాడు పక్క మంచం మీద అలాంటి తల్లికే పుట్టిన బిడ్డ భారతీయుడు. ఒక్క రాత్రి తేడా. అంతకు ముందు పుట్టినవాళ్లకు ఇవాళ ముప్పై దాటి, నలభై దాటి, డెబ్బై కూడా దాటి ఉంటుంది. వాళ్ల తల్లులు అర్జీలు పట్టుకుని తిరిగారు.

ఇక్కడికి చరిత్ర మలుపు తిరిగింది. అంతవరకు తల్లిదండ్రులు అంటే బిడ్డకు హక్కు తెచ్చే తోవ. ఆ తరవాత తల్లిదండ్రులు అంటే బిడ్డను ఆపి సోదా చేసే గేటు. 2003లో చేసి 2004 డిసెంబరు 3 నుంచి అమలు చేసిన సవరణ ఈ పని చేసింది. దేశంలో పుట్టిన బిడ్డకు ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదంది. పరదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో పుట్టుకను నమోదు చేయించాలంది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. 1955 చట్టంలో ఈ నమోదు, తండ్రి తానే వంశం ద్వారా పౌరుడైన సందర్భంలోనే కావలసి వచ్చేది. ఇప్పుడు అందరికీ తప్పనిసరి.

తల్లిదండ్రుల కాగితం ఎవరికి వరం, ఎవరికి శాపం అన్నది మనిషిని బట్టి మారిపోతూ వచ్చింది. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలను జాతీయం చేశాక వేలాది తెలుగువాళ్లు రంగూన్ వదిలి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటిదే. వాళ్ల పిల్లల్లో ఎందరో అక్కడ పుట్టినవాళ్లు. వాళ్లకు ఇక్కడ పునరావాసం దొరికింది. దొరకడం న్యాయం. అదే బర్మా 1982లో చేసుకున్న చట్టం, 1823కు ముందునుంచి ఆ నేల మీద ఉన్న జాతుల సంతానానికే పూర్తి పౌరసత్వం అంది. రోహింగ్యాలను ఆ జాతుల పట్టీలో ఎక్కించలేదు. తరిమితే వచ్చినవాళ్లు వేలమంది మా బార్కాస్ పక్కనే బాలాపూర్ గుడిసెల్లో ఉన్నారు. ఆ గుడిసెల్లో పుట్టే బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ బిడ్డకు ఒక దేశాన్ని ఇవ్వలేరు. అక్కడ జాతి కాదన్నారు, ఇక్కడ అక్రమం అన్నారు. 1948లో బార్కాస్ అరబ్బు బిడ్డను అడిగిన ప్రశ్ననే, మైలు దూరంలో, ఇప్పుడు ఈ బిడ్డను అడుగుతున్నారు.

అస్సాంలో పౌరుల జాబితా తయారుచేసినప్పుడు లింకేజీ అన్న మాట వాడుకలోకి వచ్చింది. 1971కి ముందునాటి కాగితంలో ఉన్న తాతకో తండ్రికో నువ్వు బిడ్డవేనని రుజువు చెయ్యాలి. మగవాడికి బడి కాగితమో, భూమి కాగితమో ఉంటుంది. చదువు లేక చిన్నప్పుడే పెళ్లయి వేరే ఊరుపోయిన ఆడమనిషికి తాను ఫలానా తండ్రి కూతురినని చెప్పే కాగితం ఏముంటుంది? చాలామంది గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన చీటీ తెచ్చారు. ఆ చీటీ చెల్లుతుందా అన్న తగాదా సుప్రీం కోర్టుదాకా పోయింది. తనిఖీకి లోబడి దాన్ని చూడవచ్చని 2017 డిసెంబరులో కోర్టు చెప్పింది. 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు.

2019 డిసెంబరులో చేసిన సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 చివరిలోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. ఏడో మతం పేరు అందులో లేదు. 1949లో ఓడిన సవరణ తిరిగొచ్చిందని మేము ముందే చెప్పింది ఇదే. 2024 మార్చిలో వచ్చిన నిబంధనల్లో, తల్లిదండ్రుల్లో ఎవరైనా, తాతల్లో ఎవరైనా, ముత్తాతల్లో ఎవరైనా ఆ మూడు దేశాల పౌరులని చూపే కాగితం ఏదైనా ఒక రుజువుగా పనికొస్తుందన్నారు. పీడన తప్పించుకు వచ్చినవాళ్లకు ఇలాంటి ఉదారత ఉండాల్సిందే. మాకు దాని మీద కడుపుమంట లేదు. కొందరికి ముత్తాత కాగితం తలుపు తాళంచెవి అయితే, ఇంకొందరు కన్నతండ్రికి బిడ్డలమని రుజువు చేసుకోలేక ట్రిబ్యునల్ మెట్లెక్కడం ఎందుకన్నదే మా ప్రశ్న. 2020లో తలపెట్టిన జనాభా పట్టికలో అమ్మానాన్నల పుట్టినతేదీ, పుట్టినఊరు కూడా అడగబోతున్నారని తెలిసి ఊళ్లన్నీ బెదిరాయి. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు తనకే జనన పత్రం లేదని శాసనసభలో చెప్పారు. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ ఈ మొత్తం వ్యవహారానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

8వ అధికరణం సంగతి కూడా తేలింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక పరదేశంలో పుట్టినవాళ్లు, తాతలు అవిభక్త భారతంలో పుట్టారని చెప్పి ఆ అధికరణం కింద హక్కు కోరలేరని 2024 అక్టోబరులో సుప్రీం కోర్టు చెప్పింది. అమ్మమ్మ పేరు పలికిన ఆ ఒక్క తలుపూ ఆ తరంతోనే మూసుకుపోయినట్టయింది. ఇక మిగిలింది 4వ సెక్షనూ, అందులోని ఏడాది గడువూ.

ఆ ఏడాది గడువు ఎవరి మెడకు చుట్టుకుంటుందో గల్ఫ్ ఎరిగినవాళ్లకు తెలుసు. అమెరికాలో, ఇంగ్లండులో ఉద్యోగం చేసే జంటకు అది ఒక పూట పని. కరీంనగర్, నిజామాబాద్ నుంచి పోయిన కూలీకి, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఖద్దామాగా పోయిన ఆడమనిషికి అది కొండ. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది. ఇంట్లోంచి పారిపోయి వస్తే ఆమె ఖల్లివెల్లి. ఇకామా చెల్లదు. చెల్లే ఇకామా, పెళ్లి కాగితం చూపకపోతే ఆస్పత్రి నుంచి బిడ్డ జనన పత్రం చేతికి రావడం కష్టం. ఆ పత్రం లేకుండా రాయబార కార్యాలయంలో నమోదు కాదు. దొరికితే జైలన్న భయంతో ఆమె గదిలోంచి కదలదు. క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురు చూస్తుంది. కువైట్ 2018లో అలాంటి క్షమాభిక్ష ఇచ్చింది. అప్పటికి బిడ్డకు ఏడాది దాటి ఎన్నేళ్లయి ఉంటుందో! తల్లికి అవుట్‌పాస్ దొరుకుతుంది. బిడ్డ ఎవరని కౌంటర్లో అడుగుతారు.

ఈ తల్లుల్లో ముస్లింలున్నారు, మాల మాదిగ ఆడవాళ్లున్నారు, బీసీ ఆడవాళ్లున్నారు. గడువు వాళ్ల మతం చూడదు. వాళ్ల పేదరికం చూస్తుంది. అందుకే దీన్ని ముస్లింల గోడుగా మాత్రమే మేము చెప్పడంలేదు. తల్లి వైపు నుంచి చూసినప్పుడు మా బాధకూ పక్కింటి దళిత అమ్మ బాధకూ మధ్య గోడ లేదని చెబుతున్నాం. లౌకికవాదులతో మేము చెయ్యదలచుకున్న పొత్తు ఇక్కడ మొదలుకావాలి. మా మీద జాలితో వద్దు.

చట్టం చెయ్యవలసింది ఏమీ కొత్తది కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే బిడ్డ పౌరుడు. నమోదు అన్నది ఆ నిజానికి రసీదు మాత్రమే కావాలి, ఆ నిజాన్ని పుట్టించేది కాకూడదు. రసీదు ఆలస్యమైతే బిడ్డ హక్కు పోకూడదు. పెళ్లి కాగితం లేకపోయినా కన్నతల్లి పాస్‌పోర్టు చాలాలి. 1992 డిసెంబరు 10కి ముందు భారతీయ తల్లులకు పరదేశంలో పుట్టినవాళ్లకు అర్జీ కాకుండా హక్కు ఇవ్వాలి. ఈజిప్టు 2004లో, అల్జీరియా 2005లో, మొరాకో 2007లో తల్లుల హక్కును గుర్తిస్తూ తమ చట్టాలు మార్చుకున్నాయి. ముస్లిం దేశాలు మారవని చెప్పేవాళ్లూ, ముస్లిం సమాజంలో నసబ్ మారదని చెప్పే మా పెద్దలూ ఈ మూడు తేదీలు చూడాలి.

మాకు మేము చేసుకోవలసిన పని ఇంకోటుంది. మా ఇళ్లల్లో పాత ట్రంకుపెట్టెలు తెరిస్తే అడుగున దాదా పేరున్న కాగితాలు దొరుకుతాయి. నౌకరీ సనదు, ఇంటి పట్టా, నికానామా. నికానామాలో పెళ్లికూతురు ఫలానావాడి కూతురు అని ఉంటుంది. ఆమెను కన్న తల్లి పేరు కోసం ఎంత వెతికినా చాలా ఇళ్లల్లో ఒక్క కాగితం దొరకదు. సర్కారు అడిగినప్పుడు చూపించడానికి కాదు, మా పిల్లలకు చెప్పడానికి ఆ పేర్లు ఇప్పుడే రాసిపెట్టాలి. నానీ ఏ ఊరిది, నానీ వాళ్లమ్మ ఏ ఊరిది, వాళ్లు ఏం పని చేసి బతికారు? ఇంటింటా ముసలమ్మలు బతికుండగానే అడిగి రాసుకుంటే, ఈ నేల మీద మా చరిత్ర ఎంత లోతున ఉందో ఆ జాబితాయే చెబుతుంది.